పన్నెండు మంది లేని రిపోర్టు

ఆమెను అందరూ టైపిస్టమ్మ అనే పిలుస్తారు. టైపు మిషన్లు అటకెక్కి ఏళ్ళు గడిచాయి, ఆమె ముందున్నది కంప్యూటరే, అయినా ఆ పేరు వదల్లేదు. ఇరవయ్యారేళ్ళు ఒక వకీలుగారి ఆఫీసులో పిటిషన్లు కొట్టింది. పక్కింటివాడి గోడ అరడుగు ముందుకొచ్చిందన్న ఫిర్యాదు దగ్గర్నుంచి అన్నదమ్ముల వాటాల తగాదా దాకా, వచ్చినవాళ్ళు ఏడుస్తూ, తిట్టుకుంటూ చెప్పిందంతా విని, అందులోంచి పనికొచ్చే నాలుగు పేరాలు తీసి కాగితం మీద పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె కొట్టిన పిటిషన్ చదివి ఒకసారి జడ్జిగారే "ఇది రాసిందెవరు?" అని అడిగారని వకీలుగారు చెప్పేవారు. అది నిజమో, జీతం పెంచకుండా తప్పించుకోవడానికి చెప్పిన మాటో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

రిటైరై కాస్త కాలు చాపుకుందామనుకున్న ఏడాదే అక్కకు పక్షవాతం వచ్చింది. ఆ అక్క మామూలు అక్క కాదు. అమ్మ పోయాక చెల్లెల్ని చేతుల్లో పెంచింది. ముప్ఫై ఏళ్ళు బట్టల షాపు కౌంటరు వెనక నిలబడింది. చేతిరుమాలు కోసం వచ్చినవాళ్ళ చేత దుప్పట్లు కొనిపించిన నోరు ఆమెది. ఇంటికొచ్చాక ఆ రోజు బేరాలన్నీ గొంతులు మార్చి చెప్పి చెల్లెల్ని నవ్వించేది. అలాంటి మనిషికి ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా కుడి చెయ్యి పడిపోయింది, మాటా పోయింది. ఆర్నెల్లకు చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది. మాట రాలేదు. చెప్పింది అర్థమవుతుంది, చదవగలదు, నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. కావలసిన మాట మాత్రం నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. దాంతో ఇంట్లో ఆమె నోరు తెరవగానే మిగతాది చెల్లెలే పూర్తి చేసేది. "నీళ్ళా? ఫ్యానా? కిటికీ వెయ్యనా?" అని. ప్రేమ కొద్దీ చేసే పనే.

ఎవరో చెబితే అక్కను మాటల గదికి తీసుకెళ్ళింది. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పే చోటు అది. ఒకప్పుడు అచ్చాఫీసు నడిచిన రెండు గదులు, కింది అంతస్తు, గచ్చు మీద ఇంకా సిరా మరకలు. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, నోరు ఎలా తిరుగుతోందో చూసుకోవడానికి ఓ నిలువుటద్దం, తాళం, గొడుగు, చెప్పు, చెంచా బొమ్మలున్న అట్టల బీరువా. గోడ మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క నియమం: "ఎదుటివారి మాట మనం అందించకూడదు. ఆగాలి." నేర్పేది ఒక స్పీచ్ టీచరు. ఓర్పులో ఆవిడకు సాటి లేరు. ఒక్క "గొడుగు" కోసం పావుగంట చిరునవ్వుతో కూర్చోగలదు.

దీన్ని పెట్టింది ఒక రిటైరైన డాక్టరుగారు. మనసు వెన్న, చేతిరాత మాత్రం దేవుడికే అర్థం కావాలి. అక్క లోపల పాఠంలో ఉండగా టైపిస్టమ్మ బయట బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు డాక్టరుగారు ఏదో ట్రస్టుకు సాయం కోరుతూ రాస్తున్న ఉత్తరం చూసి ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

"డాక్టరుగారూ, ఇది మందుల చీటీ కాదండీ, అర్జీ. ఇలా ఇవ్వండి," అని లాక్కుంది.

గంటలో కొట్టి ఇచ్చింది. ఆ ట్రస్టు అడిగినంతా ఇచ్చింది. అంతే, ఆ బెంచీ మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరేళ్ళయింది, ఇంకా లేవలేదు.

ఆ కుర్చీ సుఖమైనదేం కాదు. వకీలుగారి ఆఫీసులో ఉన్నప్పుడు ఒక్క జడ్జిని ఒప్పిస్తే చాలు. ఇక్కడ గుమ్మానికో జడ్జి. ఒక ట్రస్టు ముసలివాళ్ళకే ఇస్తుంది. ఇంకోటి మిషన్లు కొంటామంటేనే ఇస్తుంది. మూడోది దేనికైనా ఇస్తుంది గానీ జీతాలకు ఇవ్వదు. మాటలు నేర్పేది టీచరు కాక గోడలా? ఈ ప్రశ్న ఆమె ఎన్నిసార్లు టైపు చేసి చెరిపేసిందో! ఒక ఫౌండేషన్ దరఖాస్తులో అయితే "ఈ సమస్యను ఎన్నేళ్ళలో పూర్తిగా నిర్మూలిస్తారు?" అని ఒక గడి ఉంది. మనుషులకు రక్తనాళాలు ఉన్నన్నాళ్ళూ పక్షవాతమూ ఉంటుందని రాయాలనిపించింది. మూడు వందల మాటలకు మించకూడదన్నారు కాబట్టి ఊరుకుంది. అదే గది ఒక అర్జీలో వృద్ధుల ఆసరా, ఇంకోదానిలో పునరావాస కేంద్రం, మరోదానిలో కుటుంబ సంక్షేమం. గదిలో కుర్చీ కూడా కదిలేది కాదు, పేర్లే మారేవి.

ఆమెకో పద్ధతి ఉంది. అర్జీ పూర్తయ్యాక మాటల గది వ్యాను డ్రైవరును పిలిచి చదివి వినిపించేది. అతను పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి మనుషుల్ని ఎక్కించుకొస్తాడు, మధ్యాహ్నం దింపేస్తాడు. మధ్యలో ఖాళీ. టీ గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని వింటాడు. ఏ మాట దగ్గర కళ్ళు తెరిచాడో ఆ మాట ఎగిరిపోవాల్సిందే. "సాధికారత" అలాగే పోయింది. "సుస్థిరత" రెండుసార్లు పోయింది. అతనికి అర్థమైన అర్జీ ఎప్పుడూ ఉత్తచేతులతో తిరిగి రాలేదని ఆమెకు గట్టి నమ్మకం.

మాటల గదికి ఇంకో అలవాటూ ఉండేది. అన్ని సంస్థల్లోనూ ఉండేదే. డబ్బిచ్చేవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు మాట బాగా తిరిగినవాళ్ళనే రమ్మనేవారు. ముందు వరసలో టైలరు. వచ్చిన కొత్తలో "ఊఁ" తప్ప ఏమీ లేదు, ఇప్పుడు ఫోనులో కూలి బేరమాడుతున్నాడు. అతని పక్కన బ్యాంకులో చేసినాయన, ఆ పక్కన మనవరాలికి కథ చెప్పగలిగిన ఒక నానమ్మ. మిగతావాళ్ళకు ఆ రోజు సెలవు. ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. చుట్టాలొస్తే మంచి కప్పులు బయటికి తియ్యమా అనుకునేవారు.

అక్క రెండో రకం, ఆ సెలవిచ్చేవాళ్ళలో ఒకరు. ఆరేళ్ళలో ఆమెకు వచ్చిన మాటలు చేతివేళ్ళ కంటే కొంచెం ఎక్కువ. ఇల్లు గడవడానికి సరిపోయే ఆస్తి కాదు అది.

గది అద్దె, టీచరు జీతం రెండూ మోస్తున్నది ఒక పెద్ద ట్రస్టు. మూడేళ్ళకు ఒప్పుకుంది. మూడో ఏడు చివర ఆ ట్రస్టు సెక్రటరీగారు చూడ్డానికి వచ్చారు. బక్కపల్చటి మనిషి, చేతిలో చిన్న నోటుబుక్కు, మాట పొదుపు. ఆ ముందు రోజు ఇంట్లో బట్టలు మడతపెడుతూ టైపిస్టమ్మ అంది:

"అక్కా, రేపు నువ్వు రానక్కర్లేదు. గదిలో జనం ఎక్కువవుతారు. ఇంట్లో హాయిగా పడుకో."

అక్క ఆమె వంక ఒక్క క్షణం చూసి తల ఊపింది. టైపిస్టమ్మ మళ్ళీ మడతల్లో పడింది.

సెక్రటరీగారు వచ్చారు. టైలరు చెప్పిన జోకుకు ఆయన పెదవి కూడా కాస్త కదిలింది. తర్వాత ఆఖరి రిపోర్టు రాయాలి. అది టైపిస్టమ్మ జీవితంలో రాసిన వాటిలోకెల్లా గొప్ప రిపోర్టు. గదికి వచ్చేవాళ్ళు ముప్ఫై ఒక్కమంది, అందులో పంతొమ్మిది మంది కథలు ఒకదాని వెంట ఒకటి, చదువుతుంటే కళ్ళు చెమర్చేలా. మిగిలిన పన్నెండు మందికి కలిపి ఒక్క వాక్యం: "ఇతర సభ్యులు కూడా ప్రయోజనం పొందుతున్నారు." పైన శీర్షిక, "అనుకున్నది సాధించాం." డాక్టరుగారు చదివి, నాకే ఇక్కడ చేరాలనిపిస్తోందమ్మా అన్నారు. ఆమె రెండు రోజులు నేల మీద నడవలేదు.

నెల తిరిగేసరికి జవాబొచ్చింది. లక్ష్యాన్ని సాధించినందుకు హృదయపూర్వక అభినందనలు. మా సహాయం సఫలంగా ముగిసినందుకు ఎంతో సంతోషిస్తున్నాం. ఇకపై ఈ నిధులను ఇంకా అవసరంలో ఉన్నవారికి మళ్ళిస్తున్నాం. ఇట్లు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇదేమిటమ్మా? పొగిడి పొగిడి మెడ మీద కత్తి పెట్టారు!"

టైపిస్టమ్మ ఆ కాగితం లాక్కుని చదువుకుంది. ఆమె రాసిన రిపోర్టును వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా నమ్మారు. జబ్బు నయమైందని తానే రాసిచ్చి, ఇప్పుడు మందు ఆపేశారని ఎవరి మీద పడి ఏడవాలి? మూడు నెలలకు సరిపడా ఉంది. ఆ తర్వాత టీచరు ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, గది తాళం ఇంటి ఓనరుకు ఇచ్చెయ్యాలి, ముప్ఫై ఒక్కమంది ఇళ్ళల్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అందులో ఒకరు అక్క.

"కొత్త ప్రాజెక్టులా రాసేద్దామమ్మా. పేరు మార్చెయ్. వాళ్ళకు కొత్తదంటే ఇష్టం కదా," అన్నారు డాక్టరుగారు.

ఆమె రాసింది. "వినూత్న భాషా పునరుజ్జీవన పథకం." రాస్తున్నంతసేపూ సొంత పేరు మీదే దొంగసంతకం పెడుతున్నట్టుంది. అలవాటు ప్రకారం డ్రైవరును పిలిచి చదివింది. మొదటి వాక్యానికే అతను కళ్ళు తెరిచేశాడు.

"ఇదెక్కడమ్మా? కొత్తగా కడుతున్నారా?"

"కట్టడం లేదయ్యా. మన గదే."

"మరి మన గదేనని రాయొచ్చుగా?"

"రాస్తే ఇవ్వరు. మన దగ్గర అందరికీ మాటలు వచ్చేశాయని వాళ్ళ నమ్మకం."

"అందరికీ ఎక్కడొచ్చాయి? మన పెద్దమ్మగారికి, మీ అక్కగారికే రాలేదుగా. రోజూ నా పక్క సీట్లోనే కూర్చుంటారు, నాకు తెలీదా? వచ్చేశాయని వాళ్ళకెవరు చెప్పారు?"

"నువ్వు టీ తాగు ముందు, చల్లారిపోతోంది," అని కసురుకుంది టైపిస్టమ్మ.

అతను నిమ్మళంగా టీ తాగి గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు. అతని మీద వచ్చిన కోపం పదినిమిషాల్లో ఆమె మీదకే తిరిగింది. పంతొమ్మిది మందికి బాగైపోయినట్టు రాసిందే, ఆ పంతొమ్మిది మందీ వారం గదికి రాకపోతే మళ్ళీ తడబడతారు, అది రాయలేదు. మిగిలిన పన్నెండు మంది అసలు ఉన్నట్టే రాయలేదు. వాళ్ళకు ఏ ఒక్క కథా దొరకలేదా అంటే, దొరికేది. అవి చప్పట్లు తెచ్చే కథలు కావు, అంతే. వకీలుగారి దగ్గర నేర్చుకున్న విద్యంతా ఇదేనేమో, అనుకూలమైనది పైన పెట్టి మిగతాది ఫైలులో కిందికి తోసెయ్యడం. తోసేసినవాళ్ళలో తనను పెంచిన మనిషి ఉంది. ఆమెకు సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

సాయంత్రం ఇంట్లో అక్క ఎడమచేత్తో దుప్పటి మడతపెడుతోంది. షాపులో పెట్టినట్టే, అంచుకు అంచు కలిపి.

"అక్కా, ఆ రోజు నిన్ను రావద్దన్నాను. గుర్తుందా?"

అక్క తలెత్తలేదు. మడత విప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. గుర్తుందని చెప్పడానికి ఇంకేం కావాలి?

మర్నాడు టైపిస్టమ్మ దరఖాస్తు ఫారం పక్కన పడేసి ఉత్తరం రాసింది. వినూత్నం లేదు, పథకం లేదు. "అయ్యా, నేను పంపిన రిపోర్టులో అబద్ధం లేదు. కానీ సగమే ఉంది. ముప్ఫై ఒక్కమందిలో పన్నెండు మందికి మీరు మెచ్చుకునేంత మాట రాలేదు, వస్తుందని హామీ కూడా ఇవ్వలేను. మీరు వచ్చిన రోజు వాళ్ళను ఇళ్ళ దగ్గరే ఉండమన్నాం. వాళ్ళలో ఒకరు మా అక్క. ఆమెను రావద్దన్నది నేనే. మేము కొత్తగా ఏమీ చెయ్యబోవడం లేదు. చేస్తున్నదే చెయ్యాలి, ఆపకూడదు. అవసరం ముగియలేదు. ముగిసిందని మీకు అనిపించేలా రాసినందుకు క్షమించండి." దీనికి డ్రైవరు ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు.

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "ఇది పంపితే మన గొయ్యి మనం తవ్వుకున్నట్టేనమ్మా. వీళ్ళివ్వకపోతే పోయె, ఇంకెవరికైనా తెలిస్తే? మోసం చేశారంటారు."

"అననివ్వండి. గది ఎలాగూ పోతోంది కదండీ. నిజం చెప్పి పోనిద్దాం."

ఆయన ఉత్తరం మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత ఆమె సంతకం కిందే తన సంతకమూ పెట్టారు, ఎవరికీ చదవడానికి రాని ఆ సంతకమే.

మూడు వారాల పాటు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో వారం ఒక ఉదయం, ముందు కబురైనా లేకుండా, సెక్రటరీగారు నోటుబుక్కుతో గుమ్మంలో నిలబడ్డారు. అక్కడ ఉన్నవాళ్ళంతా ఉన్నట్టే ఉన్నారు. టైలరు ఉన్నాడు, ఏడాదిగా "తాళం" దగ్గరే ఆగిపోయిన పోస్టుమాస్టరూ ఉన్నాడు, అక్కా ఉంది. ఆయన ఒక కుర్చీ లాక్కుని వరసలో కూర్చున్నారు.

"వీళ్ళలో మీ అక్కగారెవరు?"

టైపిస్టమ్మ చూపించింది. ఆయన అక్క వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగారు.

"అమ్మా, పోయినసారి నేను వచ్చినప్పుడు మీరెందుకు రాలేదు?"

అక్క పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. టైలరు అలవాటు కొద్దీ అందించబోయాడు, టీచరు వేలు చూపించి ఆపింది. సెక్రటరీగారు కూడా "పోనీలెండి..." అని మొదలుపెట్టి, గోడ మీద నియమం కనబడి నోరు మూసుకున్నారు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. టైపిస్టమ్మకు ఆ జవాబు నాలుక చివరే ఉంది, చెప్పేస్తే బతికిపోతుంది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిలి బిగించింది.

అక్క ఎడమచెయ్యి ఎత్తి చెల్లెల్ని చూపించింది.

"ఇది... వద్దంది."

టైపిస్టమ్మ ముఖం వేడెక్కిపోయింది.

"మీకు కోపం రాలేదా?" అన్నారాయన.

"వచ్చింది!" అంది అక్క. ఈసారి ఒక్క క్షణం కూడా పట్టలేదు. పోస్టుమాస్టరు పకపకా నవ్వాడు, అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. టైపిస్టమ్మ మాత్రం నవ్వుతూనే ఏడ్చింది.

వెళ్ళేటప్పుడు సెక్రటరీగారు గుమ్మంలో ఆగారు. "మీ రిపోర్టు మా ట్రస్టీలకు చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన పనికి మళ్ళీ ఎవరూ డబ్బివ్వరండీ. అయిపోయిందనుకుంటారు. ఈసారి ఉత్తరమే చదువుతాను, చూద్దాం," అన్నారు. పొదుపు మనిషి అన్ని మాటలు ఖర్చుపెట్టడం అదే మొదలేమో.

గడువుకు పన్నెండు రోజుల ముందు కాగితం వచ్చింది. రెండేళ్ళకు ఇస్తున్నారు, అద్దెకూ జీతానికీ. ఒక్క షరతు. ఏటా రిపోర్టు మాట రానివాళ్ళతో మొదలుకావాలి. డాక్టరుగారు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని గదంతా తిరిగారు. టీచరు కుర్చీలో కూలబడి చాలాసేపు లేవలేదు.

ఆ ఏడు గడిచింది. రిపోర్టు రాసే రోజు వచ్చింది. టైపిస్టమ్మ ఇంట్లోనే, వంటింటి బల్ల మీద కూర్చుని రాసింది. షరతు ప్రకారం మొదటి పేరా అక్కదే. రాయడానికి ముందు అడగలేదు గానీ, పంపే ముందు చూపించాలని మాత్రం ఈసారి అనుకుంది. కాగితం అక్క ముందు పెట్టింది. "ఒక మహిళ. అరవై ఎనిమిదేళ్ళు. ఏడేళ్ళుగా వస్తున్నారు. చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు."

అక్క వేలుపెట్టి చదువుతూ చివరి వాక్యం దగ్గర ఆగింది. వేలు అక్కడే ఉంచి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"అబద్ధం."

"అబద్ధమెలా అవుతుందక్కా? టీచరు పరీక్షల కాగితాలు చూసే రాశాను. అప్పుడెన్ని మాటలో ఇప్పుడూ దాదాపు అన్నే. వాళ్ళు మాట రానివాళ్ళ గురించి రాయమన్నారు, నేను..."

అక్కడ ఆగిపోయింది. వాళ్ళు రాయమన్నారు! పోయినసారి వాళ్ళకు గెలుపు నచ్చుతుందని గెలుపు రాసింది, ఈసారి ఓటమి నచ్చుతుందని ఓటమి రాసింది. రెండుసార్లూ రాసింది ట్రస్టు కోసమే. అక్కను మాత్రం రెండుసార్లూ అడగలేదు.

"సరే, అబద్ధమే. మరి నిజమేంటక్కా?"

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. టైపిస్టమ్మ నోటిదాకా నాలుగు జవాబులు వచ్చాయి. ధైర్యం వచ్చిందనా? కాలక్షేపమనా? స్నేహితులు దొరికారనా? నాలుగింటినీ మింగేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంటింటి కుళాయి కింద గిన్నె నిండి పొర్లింది, లేచి కట్టెయ్యలేదు.

"ఇంట్లో..." అంది అక్క. చాలాసేపటికి, "నువ్వు... మాట్లాడతావ్."

తర్వాత వేలెత్తి కిటికీ బయటికి, మాటల గది ఉన్న వైపు చూపించింది.

"అక్కడ... నేను."

టైపిస్టమ్మ తాను రాసిన వాక్యం చెరిపేసి ఆ మాటలే యథాతథంగా టైపు చేసింది. అక్షరాలు కనబడక రెండుసార్లు తప్పు పడింది. ఏడేళ్ళుగా అక్క నోటికి అడ్డం పడింది తన ప్రేమేనని ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలియవలసింది. ఆ రోజు భోజనాల వేళ దాకా టైపిస్టమ్మ నోరు విప్పలేదు. ఇంట్లో అక్కే మాట్లాడింది.